పొదిగాను, పిలవలేదు

నేనో ఇంక్యుబేటర్ని. తణుకు దగ్గర ఓ చిన్న హేచరీలో పదిహేనేళ్లు గుడ్లు పొదిగాను. రేకు పెట్టె, హీటరు, నీళ్ల తొట్టి, ఫ్యాను. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవడానికేం లేదు. నా అన్ని గుడ్లు పట్టే పెట్ట ఊళ్లో లేదని మాత్రం మిడిసిపడేదాన్ని.

ఊరికే కాదు. రేయింబవళ్లు 37.5 డిగ్రీల వేడి. 18వ రోజు దాకా గంటకోసారి ట్రేలు అటూ ఇటూ వాల్చడం. 21వ రోజున తలుపు తీస్తే పచ్చటి నూగు, ఒకటే గోల. యజమాని ముందు థర్మామీటరు చూసేవాడు, ఆ తర్వాత పిల్లల లెక్క. నన్ను మాత్రం చూసేవాడు కాదు.

ఆరో ఏట ఫ్యాను బేరింగు అరిగింది. మొదట సన్నగా కీచుమంది, తర్వాత గరగర. "తిరుగుతోందిగా, ఇంకేం" అన్నాడు. రెండు చుక్కల ఆయిలు కోసం మూడు వానాకాలాలు ఎదురుచూశాను. ట్రేలు మార్చే కుర్రాడు చెవులు మూసుకునేవాడు. గుడ్లకు చేతుల్లేవు.

పెంకులోని పిల్లకు రెండో వారంలోనే వినికిడి మొదలవుతుందని నాకెవరు చెప్పారు? పెట్టకైతే చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో గుడ్ల మీద కూర్చుని గొంతులోనే కొక్ కొక్ మంటుంది, లోపల్నుంచి కిచకిచ బదులొస్తుంది. నా గుడ్లూ పిలిచే ఉంటాయి. ఆ గరగరలో ఏం వినపడుతుంది!

ఒకసారి పశువైద్యం చదివే అమ్మాయి వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2013లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. కొన్ని గుడ్లకు సంగీతం, కొన్నింటికి రొద వినిపించారట, రెండూ 110 డెసిబెల్సే. ఒత్తిడి వేళ ఒంట్లో ఎగసే నోరడ్రినలిన్, సంగీతం విన్న పిల్లల రక్తంలో ఓ మోస్తరుగా పెరిగింది. అవి దారి చురుగ్గా పట్టాయి. రొద విన్నవాటిలో మితిమీరింది, అవి తడబడ్డాయి.

"అయితే మా గుడ్లకు ఘంటసాల పాటలు పెట్టమంటావా అమ్మా?" యజమాని నవ్వాడు.

"ముందు ఆ ఫ్యాను బాగుచేయించండి" అందా అమ్మాయి. ఆమెకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను. ఓ పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి తీసింది. బెదురు ఎక్కువున్న పిల్ల ఎక్కువసేపు కదలదట. అది చాలాసేపు కదల్లేదు. నా పాపమో, దాని పుట్టుబెదురో, ఒక్క పిల్లతో తేలదు. అయినా ఆ రాత్రంతా దాన్నే తలచుకుంటూ గరగరలాడాను.

పోయినేడు కొత్త మిషను వచ్చింది. నన్ను షెడ్డు వెనక కొబ్బరి మట్టల పక్కన పడేశారు. రాగి తీగలు ఎవరో పీక్కుపోయారు. తలుపు రబ్బరు ఎలుకలు కొరికాయి. నీళ్ల తొట్టిలో ఇప్పుడు దోమలు పొదుగుతున్నాను. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లొచ్చి, బేరం కుదరక వెళ్లాడు. వాడు కట్టిన ధర విన్నాను. వినకపోయినా బావుండేది.

ఆ మధ్య ఓ నాటుకోడి నా అడుగు ట్రేలో ఎండుగడ్డి సర్దుకుని తొమ్మిది గుడ్లు పెట్టింది. పొదుగుకు కూర్చుని ఇవాళ్టికి ఇరవయ్యో రోజు. పొద్దున్నే గొంతు తగ్గించి ఏదో అంది. కిందనుంచి జవాబొచ్చింది. ఫ్యానుకు కరెంటు లేదు కాబట్టి నాకూ వినపడింది.