పరీక్ష గదిలో రాని పొగ

తొంభై రోజుల్లో ఆటోమోటివ్ టెస్టింగ్ ఇంజనీరు కావచ్చునట. నూరు శాతం ప్లేస్‌మెంట్, డెమో క్లాసు ఉచితం, ఈ వారంలో చేరితే ఫీజులో తగ్గింపు. ఒకప్పుడు అమీర్‌పేట ఫ్లెక్సీలకే పరిమితమైన ఈ భాష ఇప్పుడు బెజవాడ గోడలకూ, వాట్సాప్ గ్రూపులకూ అబ్బింది. టెస్టింగ్ అంటే ఎదుటివాడు చెప్పింది నమ్మకుండా రుజువు అడిగే పని. అలాంటి పని నేర్పుతామనే కరపత్రాన్ని ముందు అదే పద్ధతిలో పరీక్షిద్దాం. రిక్వైర్‌మెంట్ అనేది కొలవడానికి వీలుగా, రెండర్థాలకు తావు లేకుండా ఉండాలన్నది ఈ కోర్సులో మొదటి రోజు పాఠం. మరి నూరు శాతం అంటే ఎవరిలో నూరు శాతం? చేరినవాళ్లలోనా, ఫీజు మొత్తం కట్టినవాళ్లలోనా, మాక్ ఇంటర్వ్యూ గట్టెక్కినవాళ్లలోనా? ఏ ఉద్యోగం, ఎన్నాళ్లకు? జవాబు లేదు. కాబట్టి సంస్థ తన మొదటి పాఠంలోనే ఫెయిల్. వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో చీర కొనేవాళ్లు మడత విప్పి, వెలుతురుకు పట్టి, అంచూ కొంగూ చూశాకే బేరం మొదలుపెడతారు. అదే కుటుంబం కొడుకు కోర్సుకు వేలకు వేలు కట్టేటప్పుడు మాత్రం మడత విప్పమని అడగదు.

లోపల ఉండేది కొన్ని స్లైడ్లు, స్పైరల్ బైండింగ్ చేసిన ఒక ప్రశ్నల పుస్తకం. కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ బస్ ఈ విద్యకు ఓనమాలు. దానిలో ఫ్రేముల రకాలెన్ని? నాలుగు. చివర పెట్టే రెసిస్టర్ ఎంత? 120 ఓమ్‌లు. ఐఎస్ఓ 26262 ప్రమాణంలో భద్రతా స్థాయులెన్ని? ఏ నుంచి డీ దాకా నాలుగు. ఎంసెట్ కోచింగ్‌లో పండిపోయిన ఊరికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆటోనగర్‌లో పని తెలిసిన కారు ఎలక్ట్రీషియన్‌కు ఈ జవాబులు రాకపోవచ్చు. అతను బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడతాడు. చాలా కార్లలో 60 ఓమ్‌లు చూపిస్తే లైను సరిగా ఉన్నట్టు, 120 చూపిస్తే ఎక్కడో ఒక కొస తెగినట్టు. మన సర్టిఫికెట్ కుర్రాడు మాత్రం 120 చూసి సంతోషిస్తాడు, 60 చూసి కంగారుపడతాడు. పుస్తకంలో ఉన్నది 120 కదా! రెండు కొసల్లోని రెండు 120లు ప్యారలల్‌గా కలిస్తే 60 అని ఇంటర్ ఫిజిక్సులో చదివాడు. కానీ ఆ రెండింటినీ కలిపే పని అతనికెవరూ అప్పగించలేదు.

ఈ తరహా శిక్షణకు ప్రపంచ స్థాయి నమూనా ఒకటుంది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ తనను ల్యాబ్‌లో పరీక్షిస్తున్నారని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెట్టేది. రోడ్డెక్కితే దాని దారి దానిదే. 2015లో బయటపడేసరికి ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది. మన ప్రశ్నల పుస్తకం తయారుచేసే అభ్యర్థి సరిగ్గా ఆ సాఫ్ట్‌వేరే. ఇంటర్వ్యూ అని గుర్తుపడితే మచ్చలేని జవాబులు, ప్రాజెక్టులో కూర్చోగానే పొగ. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు దొంగ కాగితాలు పుట్టించే వ్యాపారం దానికి పైపూత. ఫోక్స్‌వ్యాగన్ గుట్టు రట్టు కావడానికి దారి వేసింది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని ఒక చిన్న బృందం. అందులో మన దేశం నుంచి వెళ్లిన పరిశోధకులూ ఉన్నారు. వాళ్లు చేసిన ఘనకార్యమల్లా కొలిచే పరికరాన్ని కారులో వేసుకుని రోడ్డు మీద తిప్పడం. ల్యాబ్ రిపోర్టు బాగుంది కదా అని ఊరుకోకపోవడమే టెస్టింగ్.

టెస్టర్‌ది చిన్న ఉద్యోగం, తప్పు జరిగితే పైన సర్దేవాళ్లుంటారు, దీనికింత గొడవ దేనికి అని కొందరంటారు. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారెన్స్ కార్లను 2022 అక్టోబరులో 44,174 వెనక్కి పిలిచారు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండొచ్చన్న అనుమానం. మరుసటి ఏడాది డాష్‌బోర్డు తెర ఖాళీగా ఉండిపోవచ్చని మరో 30,297. రెంటికీ మందు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. కంపెనీ తనంతట తాను పిలవడం మెచ్చుకోదగ్గదే. కానీ ప్రసిద్ధమైన కర్మాగారానికే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఆ పని చిన్నదెలా అవుతుంది? 2022 ఏప్రిల్‌లో ఇదే విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ఏడాది వరుస ప్రమాదాల తర్వాత కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాలను సవరించి, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు కొత్త నిబంధనలు చేర్చింది. ఆ సిస్టమ్‌లో నడిచేదీ సాఫ్ట్‌వేరే. దాన్ని పరీక్షించాల్సినవాణ్ణి ఫ్రేములెన్ని అని అడిగి పంపిస్తున్నాం.

రెండో వాదన ఖర్చుది. కంపెనీల్లో వాడే టెస్ట్ బెంచీలు లక్షల్లో ఉంటాయి, చిన్న సంస్థ ఎక్కడ తెస్తుంది? న్యాయమైన మాటే. అయితే ఫోక్స్‌వ్యాగన్ పరిశోధకులే లైనక్స్‌కు ఇచ్చిన సాకెట్‌క్యాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ క్యాన్ నడుస్తుంది, దాని మీద ఉత్తుత్తి డాష్‌బోర్డు చూపించే ప్రోగ్రామూ ఉచితంగానే దొరుకుతుంది. వేగం చెప్పే సందేశాన్ని మధ్యలో ఆపేసి చూడమనండి. ముల్లు పాత 80 దగ్గరే నిలబడిందా, సమాచారం అందడం లేదని హెచ్చరించిందా? ఆ ఒక్క ప్రయోగంతో నెల రోజులు పాఠం చెప్పొచ్చు. లేనిది డబ్బు కాదు, తప్పు వెతకనిచ్చే ఓపిక. ఇక కాలేజీలు నేర్పని దాన్ని మేం నేర్పుతున్నామనే వాదన. కాలేజీల తప్పు నిజమే, అదే ప్రశ్నలతో ఇంటర్వ్యూలు నడిపే కంపెనీల తప్పు అంతకంటే నిజం. వాళ్లు పాత ప్రశ్నలు అడగడం మానేస్తే ఈ పుస్తకాల వ్యాపారం రెండు బ్యాచీల్లో మూతపడుతుంది. కానీ కాలేజీ చేసిన తప్పునే రెండోసారి ఫీజు తీసుకుని చేయడాన్ని సేవ అనలేం. అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉందిగా అంటారా? ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్షలో 40 ప్రశ్నలు, 26 సరైతే పాస్. అది పరిభాష వచ్చునని చెప్పే కాగితం. దాన్ని పని వచ్చునన్న హామీగా అమ్మడం అమ్మేవాళ్ల తెలివి.

కాబట్టి ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకు ఒక మనవి. మూడు ప్రశ్నలు అడగండి. పోయిన బ్యాచ్‌లో ఎందరు చేరారు, వాళ్లలో ఎందరు ఇదే పనిలో ఉన్నారు? కోర్సు మొత్తంలో బోర్డు, మీటరు విద్యార్థి చేతిలో ఉండేది ఎన్ని గంటలు? పాఠం చెప్పే మాస్టారు తన ఉద్యోగంలో పట్టుకున్న ఒక్క లోపాన్ని, దాన్ని ఎలా పట్టుకున్నారో వివరంగా చెప్పగలరా? సూటిగా జవాబిస్తే పిల్లవాణ్ణి చేర్పించండి, అలాంటి చోట కష్టపడినవాడికి అన్నం దొరుకుతుంది. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. టెస్టింగ్‌లో మొదటి పాఠం ఫీజు కట్టకుండానే పూర్తయినట్టు లెక్క.