కోల్డ్ ఫ్యాక్ట్: ఒక రికార్డు ఆత్మకథ

నేను పన్నెండు అంగుళాల ఎల్పీ రికార్డుని. పేరు ‘కోల్డ్ ఫ్యాక్ట్’. నాలో పలికే గొంతు అమెరికాలోని డెట్రాయిట్‌ది. నేను బతికింది మాత్రం దక్షిణాఫ్రికాలో. నా అట్ట మీద నల్ల కళ్లద్దాలు, టోపీ పెట్టుకుని, గాజు గోళంలో బాసింపట్టు వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉంటారు. ఆయనే సిక్స్టో రోడ్రిగెజ్.

మెక్సికో నుంచి వలస వచ్చిన తండ్రికి ఆరో బిడ్డగా 1942లో పుట్టారాయన. మురికివాడలు, నిరుద్యోగం, పేదవాడికి అందని న్యాయం, ఇవే ఆయన పాటలు. 1969లో మైక్ థియోడోర్, డెనిస్ కాఫీ అనే నిర్మాతలు వాటిని రికార్డు చేశారు. మరుసటి ఏడాది నేను విడుదలైతే అమెరికాలో కొన్నవాళ్లే కరువు. లండన్‌లో తయారై 1971లో వచ్చిన రెండో ఆల్బమ్‌కీ అదే గతి. కంపెనీ ఆయన్ని వదిలేసింది. ఆయన పాత ఇళ్లు కూల్చే పనికి, మరమ్మతు పనికి వెళ్లారు. ఆ చాకిరీ చేస్తూనే చదువుకుని 1981లో తత్వశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకున్నారు.

ఇక్కడ, దక్షిణాఫ్రికాలో, నా కథ వేరు. అది వర్ణవివక్ష పాలన కాలం. 1976 దాకా టీవీనే రానివ్వని దేశం. నన్నొక రేడియో లైబ్రరీలో పెట్టారు. నా మొదటి పాట ‘షుగర్ మ్యాన్’లో మత్తుమందుల ప్రస్తావన ఉంది. దాన్ని ఎవరూ ప్రసారం చెయ్యకుండా పదునైన మొనతో ఆ పాట ఉన్నంతమేరా గీసేశారు. రికార్డు మీద పాటంటే చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోయే సన్నటి గాడి. దాని గోడల ఎగుడుదిగుళ్లకు ముల్లు అదిరితేనే స్వరం పుడుతుంది. గోడ తెగితే ముల్లు పక్క గాడిలోకి దూకుతుంది. అలా నాలో ఆ పాట తెగిపోయింది.

కానీ నా తోడబుట్టిన రికార్డులు ఇంటింటా మోగాయి. వాటి నుంచి క్యాసెట్లలోకి ఎక్కించుకుని చేతులు మార్చుకున్నారు. నిర్బంధంగా సైన్యంలో చేరిన తెల్ల కుర్రాళ్లు బ్యారక్‌లలో విన్నారు. పెద్దల మాటను ప్రశ్నించవచ్చన్న ధైర్యం ఆ పాటలు వాళ్లకిచ్చాయి. ఇంత అభిమానం ఉన్నా, గాయకుడు వేదిక మీదే ప్రాణం తీసుకున్నారన్న పుకారునే అందరూ నమ్మారు. 1979లోనూ, 1981లోనూ ఆయన ఆస్ట్రేలియాలో కచేరీలు చేసిన సంగతి కూడా లోకంతో సంబంధాలు తెగిపోయిన మా దేశానికి తెలియలేదు.

1997లో స్టీఫెన్ సెగర్‌మన్, క్రెయిగ్ బార్తొలొమ్యూ స్ట్రైడమ్ అనే అభిమానులు ఆరా తీశారు. ఒక పాటలో వచ్చే డియర్‌బోర్న్ అనే ఊరి పేరు పట్టుకుని వెతికితే ఆచూకీ మైక్ థియోడోర్ దగ్గర తేలింది. రోడ్రిగెజ్ బతికే ఉన్నారు! 1998 మార్చిలో ఆయన కేప్‌టౌన్‌లో వేదికెక్కితే జనం కేకలతో చాలాసేపు పాట మొదలే కాలేదు. ఈ కథతో తీసిన ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. ఆ వేడుకకు ఆయన వెళ్లలేదు. 2023 ఆగస్టు 8న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చప్పట్లు లేని ఏళ్లలో ఆయన కూలిపనిని చిన్నచూపు చూడలేదు. చప్పట్లు వచ్చాక కూడా డెట్రాయిట్‌లోని ఆ పాత ఇంటినే నమ్ముకున్నారు. అలాంటి మనిషి గొంతును నాలో దాచుకున్నందుకు నా పుట్టుక ధన్యమైంది.