కాగితం ఫ్యాక్టరీలో ఖాళీలున్నాయి

ఇకమీదట తనిఖీ అంటే దండించడం కాదట, దారి చూపించడమట. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లనూ ఒక్కదెబ్బన అమల్లోకి తెస్తూ కేంద్రం సెలవిచ్చిన మాట ఇది. ఇన్‌స్పెక్టరు గారు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటరు. ఒకే రిజిస్ట్రేషను, ఒకే లైసెన్సు, ఒకే రిటర్ను. ఏ ఫ్యాక్టరీ గడప తొక్కాలో కంప్యూటరు లాటరీ తీసి చెబుతుంది. మీరంతా చదివే ఉంటారు. యజమానుల సంఘాలు చప్పట్లు కొట్టాయి.

నేనూ కొట్టాను. ఎన్నాళ్లుగానో నా దగ్గర మూలుగుతున్న ఒక ప్రతిపాదనకు ఇన్నాళ్లకు ముహూర్తం కుదిరింది మరి. ఫ్యాక్టరీ కార్మికులందరినీ కాగితాల్లోకి మార్చేద్దాం.

నవ్వకండి. ఈ దేశంలో ప్రమాదమన్నది ఎరగని ఫ్యాక్టరీలు ఉన్నది అక్కడే. నమ్మకపోతే తమిళనాడులో ఏళాయిరంపన్నై వైపు వెళ్లి చూడండి. కోవిల్‌పట్టికీ సాత్తూరుకూ దగ్గర, విరుదునగర్ జిల్లా. నల్లరేగడి నేల, మొహం చాటేసే వాన. తరతరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. చేను పండకపోతే అగ్గిపెట్టెల పని, లేదంటే టపాకాయల పని. అక్కడ ప్రతి ఫ్యాక్టరీ నిజానికి రెండు ఫ్యాక్టరీలు. ఒకటి రేగడి మీద, రెండోది ఫైల్లో.

ఫైల్లో ఉన్నదాని వైభవం చూడాలి. గదికి నలుగురే. ఐదోవాడు తలుపు దాకా వచ్చి, రూలు గుర్తొచ్చి, వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోతాడు. ఇనప పనిముట్టన్నది కంటికి కనబడదు, అన్నీ ఇత్తడివి, చెక్కవి. కాళ్ల కింద రబ్బరు చాప. లోపలికెళ్లే ముందు ప్రతివాళ్లూ రాగిరేకు మీద అరచెయ్యి ఆనించి ఒంట్లోని కరెంటు వదిలించుకుంటారు. కలిపిన మందు ఆ పూటకే సరిపోతుంది, రాత్రికి చిటికెడు మిగలదు. గదులు చాలక చెట్ల కింద కూర్చోబెట్టి పని చేయించడం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే, కానీ ప్లానులో చెట్లు గీయరు గనక ఆ బెడదా లేదు. లైసెన్సుదారు ఒక్కడే. అతని దగ్గర కౌలుకు తీసుకున్నవాడు, ఆ కౌలుదారు దగ్గర గది చొప్పున మారుకౌలుకు తీసుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. ప్రమాదకర రసాయనాలు పరిమితికి మించి నిల్వచేసే చోట 1989 నిబంధనల ప్రకారం ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలి. ఫైల్లో జరుగుతుంది కూడా! సైరన్ మోగుతుంది, అందరూ చెప్పు జారకుండా వరసలో బయటికొస్తారు.

ఇంత భద్రమైన చోటు పెట్టుకుని, మనుషుల్ని పట్టుకెళ్లి రేగడి మీద ఎందుకు కూర్చోబెడుతున్నారో నాకు అర్థం కాదు. పొద్దున్నే ఊళ్లలో జనాన్ని ఎక్కించుకునే వ్యాను నేరుగా ఆఫీసు బీరువా దగ్గర దించితే సరి. మనిషికో పేజీ. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ అక్కడ పైసాతో సహా అందుతాయి. "అయ్యా, అన్నం తినడానికి చోటెక్కడ?" అని ఏ ముసలమ్మయినా అడిగితే, "భోజనశాల ప్లానులో ఉంది కదమ్మా, కొలతలతో సహా" అనవచ్చు. ఫెసిలిటేటరు గారికీ సుఖమే. ఎండలో తిరగక్కర్లేదు, పేజీ తిప్పితే తనిఖీ, వేలు తడిచేసుకుంటే పునఃతనిఖీ.

చిక్కల్లా ఒక్కటే. మందు. గంధకం, పొటాషియం నైట్రేట్, అల్యూమినియం పొడి, వీటిని ఎలా ఒప్పించాలి? సంతకం పెట్టమంటే పెట్టవు. 'రాపిడి తగిలినా అంటుకోను' అని స్వీయ ధ్రువీకరణ ఇమ్మంటే ఇవ్వవు. వాటికి చదువు రాదు. ఇన్‌స్పెక్టరు హోదా మారిన సంగతి కూడా వాటికి ఎవరూ చెప్పినట్టు లేరు.

2012 సెప్టెంబర్ 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో ఓం శక్తి ఫైర్‌వర్క్స్ పేలినప్పుడూ కాగితంలో ఏముందో వాటికి ఎవరూ చెప్పలేదు. భద్రత సరిగా లేదని అప్పటికే దాని లైసెన్సు నిలిపేశారు. అంటే కాగితం లెక్కన ఆ రోజు అక్కడ పురుగు కూడా లేదు. చచ్చిపోయినవాళ్లు నలభై మంది దాకా.

2021 ఫిబ్రవరి 12న ఏళాయిరంపన్నై దగ్గర అచ్చంకుళం. శ్రీ మారియమ్మాళ్ ఫైర్‌వర్క్స్. లైసెన్సు ఒకరిది, పని చేయించింది కౌలుకు తీసుకున్నవాళ్లు. ఇరవై మందికి పైగా పోయారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, కమిటీ వేసి, ఒక్కో ప్రాణానికి 20 లక్షలు కట్టమంది. కౌలు సంగతి ఆ ఊళ్లో టీకొట్టువాడికి తెలుసు, వ్యాను డ్రైవరుకి తెలుసు. తెలియాల్సిన ఆఫీసుకు మాత్రం శవాలు లేచాక తెలిసింది!

ఇక్కడ మనదీ అదే కథ. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో పోయినవాళ్లలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఇంటివాళ్లకు దహనం చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

వీటన్నిటి తర్వాత కూడా మనకు తోచింది యజమానికి దారి చూపించడమా? ఏ దారి? గదికి నలుగురే ఉండాలని తెలియక పదిమందిని కూర్చోబెడుతున్నాడా పాపం? తెలుసు. నలుగురితో చేయిస్తే దీపావళి ఆర్డరు తెమలదనీ తెలుసు, చెట్టు కింద కూర్చోబెడితే తెములుతుందనీ తెలుసు. అతనికి తెలిసిన లెక్కల్లో లేనిదొక్కటే, జైలు. ఆ మాక్ డ్రిల్ నిబంధనలు పుట్టిన పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి దాన్ని 15 లక్షల లోపు జరిమానాకు దించారు. విశ్వాసమట! ఎవరి మీద ఎవరికి? చచ్చినవాళ్లను ఒక్కసారైనా అడిగారా?

లాటరీలు కట్టిపెట్టండి. చెప్పాపెట్టకుండా, మిట్టమధ్యాహ్నం, ఒక మనిషిని పంపండి. రిజిస్టరు ముట్టుకోవద్దని చెప్పండి. గది తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టమనండి, చెట్ల కిందకీ వెళ్లమనండి. ఐదో తల కనబడితే అప్పటికప్పుడే తాళం. తియ్యించుకోవడానికి లైసెన్సుదారు, కౌలుదారు, మారుకౌలుదారు ముగ్గురూ కలిసి నాగపూర్‌లో పేలుడు పదార్థాల శాఖ చుట్టూ చెప్పులరిగేలా తిరగనివ్వండి. కావాలంటే అప్పుడు చూపించండి దారి.