విప్పి చూసినోళ్ల కాలం

ఒరే మనవడా, మఠం వీధిలో నిలబడి ఫోన్లో ఏం చూస్తుండావో నాకు తెలుసులే. మన కర్నూలు పక్కన ఓర్వకల్లు కాడ డీఆర్‌డీవో వాళ్లు 2025 ఏప్రిల్ 13న లేజరు కిరణంతో డ్రోన్‌ను కూల్చిన వీడియో. జులై 25న డ్రోన్ మీద నుంచే క్షిపణి వదిలినారు, అదీ చూసినావు. చూసి ఏం చేస్తివి? అర నిమిషం కాకముందే వేలితో పైకి తోసేస్తివి.

మా రోజుల్లో 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటలో పృథ్వి క్షిపణి లేచిందంటే రేడియోలో విన్నాం, బొమ్మ కోసం పేపర్ వచ్చేదాకా కాచుకున్నాం. అగ్ని ఇంకా ఏడిపించింది. 1989 ఏప్రిల్ 20న ఆగిపాయె, మే 1న మళ్లా ఆగిపాయె. చాందీపూర్‌లో అది లేచింది మే 22న. ఎండలో రాళ్లు పగిలే ఆ నెలంతా తుంగభద్ర ఒడ్డున మాకు అదే మాట. ఇప్పుడైతే మీరు ఒక్క రోజన్నా ఓపిక పడతారా?

ఇంకా ముందు సంగతి చెప్తా, కదలకుండా విను. మాస్కో పక్కన ఖిమ్కిలో గ్రుషిన్ అనే ఆయన నడిపిన సంస్థ ఒకటుంది, 1953లో పెట్టినారు. ఎస్-75 క్షిపణి వాళ్లదే. అమెరికా గూఢచారి విమానం యూ-2ను 1960 మే 1న కూల్చింది అదే. మన దేశమూ దాన్ని కొనింది. కొని ఊరుకుంటే వేరే మాట. 1970ల్లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్ ప్రయోగశాల వాళ్లు, మన వడ్రంగి పాత బండిచక్రం విప్పి కొత్తది కట్టినట్టు, దాన్ని ముక్కముక్కా విప్పి, కొలిచి, అట్లాంటిది ఇక్కడే చేయాలని కూర్చున్నారు. దానికి డెవిల్ అని పేరు. 1980లో ఆపేసినారు.

అన్నేళ్లు పని చేసినా క్షిపణి చేతికి రాలేదు గదా తాతా అంటావు. అను, అది న్యాయమైన మాటే. కానీ ఆ పనిలో నేర్చిన ద్రవ ఇంధన ఇంజనే పృథ్విని లేపింది. 1982లో కలాం డీఆర్‌డీఎల్‌కు వచ్చి, మరుసటి ఏడు అయిదు క్షిపణుల పథకం మొదలుపెట్టేసరికి అక్కడ చెయ్యి తిరిగినోళ్లు ఉండిరి.

రష్యావోళ్లతో 1998లో ఒప్పందం చేసుకొని, 2001 జూన్ 12న బ్రహ్మోస్ క్షిపణిని వదిలినామంటే నాకూ సంతోషమే. పని తెలిసినోళ్లతోనే కదా ఎవడన్నా పొత్తు కలిసేది? ఆ తెలివి పాత షెడ్లలో, పేపర్లకెక్కని ఏళ్లలో వచ్చింది. కలాం బొమ్మ మీ నోటు పుస్తకాల మీదంతా ఉండాది, ఉండాల్సిందే. కానీ డెవిల్ నాడు ఆ ప్రయోగశాలను నడిపింది వైమానిక దళం నుంచి వచ్చిన వి.ఎస్. నారాయణన్. ఆ పేరు మీ బళ్లో ఒక్క అయ్యవారన్నా చెప్పినాడా?