అందానికని ఏదీ కొనకండి

కొత్త ఇంట్లోకి దిగినప్పుడు హాల్లో ఒక మూల పెద్ద ఇత్తడి గంగాళం పెట్టాం. ఇల్లు సర్దిపెట్టిన డిజైనర్ ఎంపిక అది. అద్దంలా మెరిసేది. మెరుపు పోకుండా పైన ఏదో గాజులాంటి పూత కూడా వేసి తెచ్చారు. అందులో నీళ్లు పోసి, బంతిపూల రేకులు చల్లి, వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటుంటే మురిసిపోయాను. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "దీంతో ఏం చేస్తారే?" అంది. "ఏమీ చెయ్యం అమ్మమ్మా, అందానికి పెట్టాం" అన్నాను. ఆవిడ గంగాళం అంచు మీద చెయ్యి వేసి, "పాపం" అంది.

ఏడాది తిరిగేసరికి పూత లేచిన చోటల్లా చిలుము పట్టి, పచ్చ మచ్చలు తేలాయి. మచ్చలు చింతపండుతో తోమితే పోయాయి, అమ్మమ్మ మాట మాత్రం పోలేదు. ఇంట్లో వస్తువుకు పని ఉండాలి. పనిచేసిన వస్తువుకే మన చెయ్యి అంటుతుంది, చెయ్యి అంటినదే మనం ఎవరమో చెబుతుంది. ఈ కింది సలహాలన్నీ ఆ ఒక్క మాటలోంచే వచ్చాయి. ఇంటి అలంకరణ గురించి మీరు ఇదివరకు విన్నవాటికి ఇవి పూర్తిగా అడ్డంగా ఉంటాయి. అయినా పాటించమనే అడుగుతున్నాను.

1. షోకేసు అద్దాలు తీసేయండి

అద్దం వెనక ఉన్న వస్తువును మొదటి నెల చూస్తాం, తర్వాత దాని మీది దుమ్మును చూస్తాం. తలుపులు ఊడదీయించండి. అక్కడున్నవన్నీ కింద పెట్టి ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకోండి. పట్టుకున్నాక ఏదైనా పని తోస్తే ఆ పని జరిగే చోట పెట్టండి. గంట దేవుడి దగ్గరికి, మరచెంబు మంచం పక్కకి, వెదురుబుట్ట ఉల్లిపాయల దగ్గరికి వెళ్లాలి. ఉదయగిరి చెక్క గరిటెలు తెచ్చుకుని కాగితంలో చుట్టి దాచినవాళ్లు నాకు తెలుసు. ఆ గరిటెలు కూర కలపడానికి పుట్టినవి. పోపు నూనె తగిలే కొద్దీ చెక్క రంగు చిక్కబడుతుంది.

2. మెరిసే ఇత్తడిని పొయ్యెక్కించండి

ఇది అన్నింటికంటే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇత్తడి గిన్నెలో వండాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసో మజ్జిగో పెడితే చిలుమెక్కి తినడానికి పనికిరాదు. కళాయి వేసేవాళ్లు ఇప్పుడు వీధుల్లో తిరగడం తగ్గింది. పాత పాత్రల బజారులో అడిగితే దొరుకుతారు. గిన్నెను పంపించి ఊరుకోకండి, దగ్గర కూర్చుని చూడండి. గిన్నెను శుభ్రంగా తోమి, బొగ్గుల మీద కాలుస్తారు. బాగా వేడెక్కాక నవసాగరం పొడి చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు ఘాటెక్కుతుంది. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నె లోపల ఆనిస్తారు. అది కరిగి బొట్టు కాగానే దూది ఉండతో గిర్రున తిప్పుతారు. పసుపుపచ్చటి లోపలి భాగం మన కళ్ల ముందే వెండిలా మారిపోతుంది. తర్వాత నీళ్లలో ముంచితే చుయ్‌మంటుంది. ఆ చప్పుడు విన్న పిల్లవాడు ఆ గిన్నెను జన్మలో మరిచిపోడు.

తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. అందుకే కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద వదలకూడదు. ముందు నీళ్లో నూనో పోశాకే మంట వెలిగించండి. లోపల స్టీలు పీచు వాడొద్దు, కొబ్బరి పీచు చాలు. అడుగున పసుపు రంగు తొంగిచూస్తే మళ్లీ కళాయి వేయించే సమయం వచ్చిందని అర్థం. బయట చింతపండు, ఉప్పుతో తోమండి. అద్దంలా రావాలని పట్టుబట్టొద్దు. మంట తగిలిన అడుగు నల్లగా, చెయ్యి తగిలిన అంచు నున్నగా మెరుస్తూ ఉన్న గిన్నెను ఏ దుకాణమూ అమ్మలేదు.

3. బొమ్మలను పిల్లలకు ఇచ్చేయండి

కొండపల్లి బొమ్మను అందనంత ఎత్తున పెట్టి "ముట్టుకోకు" అనడం ఇంట్లో మొదటి తప్పు. అవి తెల్ల పొణికి కర్రతో చేసినవి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంటే అతుకు అనేది ఆ బొమ్మ పుట్టుకలోనే ఉంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి చెయ్యి ఊడితే మళ్లీ అతికించండి. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతే అతికించండి.

కొండపల్లి బొమ్మలకు రంగులుంటాయి కనుక నోట్లో పెట్టుకునే వయసు దాటాకే ఇవ్వండి. బొమ్మ వంటలు మొదలుపెట్టే పాపకు ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చిపెట్టండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులు వాడే పనివాళ్లు అక్కడున్నారు, అడిగి మరీ అవే కొనండి. పాప ఆ పిడతల్లో ఇసుక వండి వడ్డించిన రోజున మీరు పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టే.

4. కథ చెప్పడం రాకపోతే గోడకు తగిలించకండి

చేర్యాల పటం ఒక ముక్క ఫ్రేము కట్టించి సోఫా పైన పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఎర్రటి నేల మీద ఆ పసుపు, నీలం మనుషులు ఎవరికైనా నచ్చుతారు. కానీ అది పుట్టింది గోడ కోసం కాదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద నకాషీ చిత్రకారులు బొమ్మలు వేసేవారు. మూరలకొద్దీ పొడవున్న ఆ పటాన్ని కథకులు రాత్రివేళ కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెప్పేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పింది అలాగే. చిరిగి వాడకానికి పనికిరాకుండా పోయిన పటాన్ని నదిలో కలిపి, కొత్తది రాయించుకునేవారు. నిలిచి ఉండాల్సింది కథ. గుడ్డ ఎప్పటికీ ఉండాలని వాళ్లు కోరుకోలేదు.

మీరు కొన్న ముక్కలో ఎవరున్నారో, ఆ గడిలో ఏం జరుగుతోందో కొన్నచోటే అడిగి తెలుసుకోండి. ఇంటికొచ్చిన పిల్లలకు చెప్పండి. చెప్పలేకపోతే చుట్టి బీరువాలో పెట్టండి. నేర్చుకున్నాక తీద్దురుగాని.

నిమ్మలకుంట తోలుబొమ్మకూ ఇదే మాట. ఆ బొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా, వెలుతురు దూరేలా చేసేది వెనక దీపం పెట్టడానికే. దాన్ని గోడకు అతికిస్తే గుడ్డిదాన్ని చేసినట్టు. రాత్రి హాల్లో లైట్లన్నీ ఆర్పి, వెనక వేడెక్కని చిన్న బల్బు పెట్టి చూడండి. అప్పుడు గాని హనుమంతుడికి ప్రాణం రాదు.

5. గిన్నెల మీద పేర్లు కొట్టించండి

పేరు కొట్టిస్తే గిన్నె అందం పోతుందంటారు, అమ్మితే ధర రాదంటారు. మీరు దాన్ని అమ్మడానికి కొనడం లేదు కదా. మా ఇంట్లో ఒక తప్పేలా ఉంది. అంచు కింద ఉలితో చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు, పక్కన 1961. ఒక అక్షరం మధ్యలో ఉలి జారి చిన్న గీత పడింది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా ఆ గీతను పట్టుకోగలను. మీరు కొనే ప్రతి మంచి పాత్ర మీదా పేరు, సంవత్సరం, వచ్చిన సందర్భం ఒక్క మాటలో వేయించండి. "మొదటి జీతం" అని ఉంటే చాలు, మీ మనవరాలికి మిగతా కథ అడగాలనిపిస్తుంది.

ఫోటోలకూ అంతే. వెనక మెత్తని పెన్సిల్‌తో ఎవరెవరో, ఏ ఊరో రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపుకు గీతలు తేలతాయి. దూలం కింద మెడలెత్తి చూసేలా కాకుండా, కూర్చున్న మనిషి కళ్లకు ఎదురుగా తగిలించండి.

6. రంగులకు జత కలపకండి

కర్టెను, కుషను, కార్పెట్ ఒకే రంగులో ఉన్న ఇల్లు ఒక్క పూటలో కొన్న ఇల్లు. పెడన అచ్చు దుప్పటి, అత్తగారిచ్చిన బొంత, నిర్మల్ పళ్లెం ఒకే గదిలో ఉంటే ఉండనివ్వండి. మనుషులు ఒకరికొకరు కలవకుండానే ఒకే ఇంట్లో బతుకుతున్నారు, వస్తువులకేం?

7. పెద్దల సామాను అంతా దాచుకోకండి

అమ్మమ్మ పోయాక ఆవిడ వంటింట్లో నలభైకి పైగా పాత్రలు తేలాయి. అన్నీ తెచ్చుకోవాలనిపించింది. పిన్ని ఆపింది. "నువ్వు వారంలో ఎన్నిసార్లు వండుతావో లెక్కేసి, అన్నే పట్టుకెళ్లు" అంది. తప్పేలా ఒక్కటే తెచ్చుకున్నాను. గుండిగలు ఊళ్లో అన్నసంతర్పణలకు ఇచ్చాం. అవి పొయ్యి మీదే ఉన్నాయి. అటకెక్కిన జ్ఞాపకానికి బూజు పడుతుంది. వాడేవాళ్ల చేతిలో పెట్టడం కూడా దాచుకోవడమే.

హాల్లో గంగాళాన్ని కూడా అప్పుడే కదిలించాం. పైనున్న పూతను మొత్తం గీకించి, పెరటి వైపు స్నానాల గది దగ్గర పెట్టాం. నరకచతుర్దశి నాడు తెల్లవారుజామున అందులో వేణ్ణీళ్లు తొరిపి, నలుగు పెట్టిన పిల్లలను వరసగా నిలబెట్టి పోస్తాం. చెంబు తగిలి తగిలి అంచున సొట్టలు పడ్డాయి. హాల్లో ఉన్నప్పటి మెరుపు లేదు. అమ్మమ్మ ఇప్పుడు చూస్తే దాన్ని "పాపం" అనదు.