మా ముందు గదిలో డ్రై పోర్టు

తెలంగాణకు సముద్రం లేదు, ఓడరేవు లేదు. ఆ లోటు తీర్చడానికి సనత్‌నగర్‌లో కంటైనర్ కార్పొరేషన్ (కాంకర్) వారి ఇన్‌లాండ్ కంటైనర్ డిపో ఉంది. అక్కడికి ఓడ రాదు గానీ ఓడ మీది పెట్టె వస్తుంది. కస్టమ్స్ పని కూడా అక్కడే అయిపోతుంది. ఇలాంటి చోటును డ్రై పోర్టు అంటారు. ఇంకో డ్రై పోర్టు జనగామలో, మా ముందు గదిలో, దివానుకూ బియ్యం బస్తాలకూ మధ్య ఉంది. స్కేలు 1:87. దీనికి సర్కారు అనుమతి అక్కర్లేదు. ఇంటి అనుమతి మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.

బొమ్మ రైళ్ల పిచ్చి కొత్తదేమీ కాదు. పుణెలో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచీ ఉంది. ఈ పిచ్చి పట్టినవాళ్లలో ఎక్కువమందికి కొండలు కావాలి, సొరంగాలు కావాలి, పొగ వదిలే ఆవిరి ఇంజను కావాలి. నాకెందుకో ఆ సోకులు ఎక్కలేదు. నాకు కావలసింది ఎకరాలకొద్దీ సిమెంటు గచ్చు, దాని మీద నాలుగైదు వరుసల ఎత్తున పేర్చిన తుప్పు పెట్టెలు, వాటి మధ్య తిరుగుతూ పెట్టెలు ఎత్తే రీచ్ స్టాకరు, గేటు బయట లారీల బారు. "ఇంత డబ్బు తగలేసి ఇంట్లోకి గోదాము తెచ్చుకున్నోణ్ణి నిన్నే చూసిన" అన్నాడు మా బావ. బావది భూపాలపల్లి. నిజమే మాట్లాడతాడు.

అసలు ఈ పెట్టెల కథ ఓ లారీల యజమానిది. మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 పెట్టెలను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందు పత్తి బేళ్లతో రేవుకు వెళ్లి, దింపేవాళ్ల కోసం రోజంతా పడిగాపులు కాస్తుంటే, లారీ డబ్బాను డబ్బాగానే ఎత్తి ఓడలో పెడితే పోలా అని తట్టిందని ఆయనే చెప్పుకునేవాడు. పత్తి బండితో మార్కెట్ గేటు ముందు నిలబడటం మా జిల్లాలో ప్రతి రైతూ చేస్తున్న పనే. మనకు ఆ సమయంలో తట్టేది చాయ్ తాగుదామని.

ఇక కొలతలు. మన కంటైనర్ బండిలో ఐదు వ్యాగన్లు కలిపి ఒక జట్టు, అలాంటి జట్లు తొమ్మిది, మొత్తం 45 వ్యాగన్లు. వ్యాగనుకు రెండు ఇరవై అడుగుల పెట్టెల చొప్పున 90 పెట్టెలు. అంత బండి ఆగాలంటే స్టేషన్లో 686 మీటర్ల లూప్ లైను ఉండాలి. 87తో భాగిస్తే దాదాపు ఎనిమిది మీటర్లు. అంటే ఇంజను మా ముందు గదిలో ఉంటే, బ్రేక్ వ్యాను వంటిల్లు దాటి, పెరట్లో జామచెట్టు కింద ఉంటుంది. ఇంటి ప్లాను మార్చలేక ఒక్క జట్టుతో సరిపెట్టుకున్నాను.

పక్కింటి గార్డు సారు దగ్గర ఈ సర్దుబాట్లు సాగవు. ఆయన రిటైరైన తర్వాత, 2022 జనవరిలో, రైల్వే వారు గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. పడక్కుర్చీలో కూర్చుని మేనేజరైన హోదాలో ఆయన నా యార్డుకు తనిఖీకి వస్తుంటారు. మొదటి రోజే జేబులోంచి స్కేలు తీసి పట్టాల మధ్య పెట్టారు.

"గేజి తక్కువున్నది."

నిజంగానే తక్కువ. ఈ స్కేలులో బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికాల గేజి లెక్క. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి 1:87లో 19.3 రావాలి. మా బల్ల మీద 2.8 మిల్లీమీటర్ల దేశభక్తి లోపించిందన్నమాట. మా మేనల్లుడు పెట్టె మీద పెట్టె పేర్చి బండిని రెండంతస్తులు చేయబోతే కూడా సారు ఊరుకోలేదు. "ఆ ముచ్చట పడమటి దిక్కు, సరుకు రవాణాకే వేసిన కారిడార్ల చెల్లుతది. 2021 జనవరిల కరెంటు ఇంజనుతోని నడిపిన్రు, ఆడ వైరు ఎత్తుల ఉంటది. మన జనగామల నడిపితే పై డబ్బా వైరుకు తగుల్తది" అని, ఆ పెట్టెను రెండు వేళ్లతో ఎత్తి కింద పెట్టారు.

పెట్టెలు తయారు చేయడం తేలికే. ఇరవై అడుగుల పెట్టె ఇక్కడ ఏడు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల ఎత్తు. పక్కల రేకు మీది మడతల కోసం బల్బు చుట్టూ వచ్చే గీతల అట్ట సరిగ్గా సరిపోతుంది. మా ఇంట్లో బల్బులన్నీ ఇప్పుడు అట్టలు లేకుండా డ్రాయరులో పడి ఉన్నాయి. ప్రతి పెట్టెకూ నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఆ తర్వాత చిన్న గడిలో ఓ తనిఖీ అంకె ఉండాలి. అక్షరాలకూ విలువలు కట్టి, వరుసగా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గుణించి, కూడి, పదకొండుతో భాగిస్తే మిగిలే శేషం ఆ అంకె. ఈ పని పదో తరగతి చదివే మావాడికి అప్పగించాను. వాడు ఇప్పుడు లెక్కల మాస్టారు కంటే నాకే ఎక్కువ భయపడుతున్నాడు.

కొత్త పెట్టె ఎవడైనా చేస్తాడు. దాన్ని పాతబడేయడంలో ఉంది పనితనం. విదేశాల వాళ్లు దీనికి రంగుపొడులు డబ్బాల్లో కొంటారు. మాకెందుకు ఆ ఖర్చు? తుప్పుకు బయ్యారం రాయి ఉంది. మహబూబాబాద్ జిల్లా, అదే మా మానుకోట దిక్కు, ఇనుప రాయి. నూరితే అసలుసిసలు తుప్పు రంగు. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో చూడమని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఫ్యాక్టరీ సంగతి ఎటు పోయినా, బయ్యారం ఇనుము నా యార్డులో మాత్రం వినియోగంలోకి వచ్చింది.

మసికి భూపాలపల్లి. బొగ్గు లారీలు తిరిగే ఊరు కాబట్టి అక్కడుండే మా అక్క పొద్దున వాకిలి ఊడిస్తే చాలు, నాకు నెలకు సరిపడా సరుకు. గచ్చుకు చెల్పూరు థర్మల్ కేంద్రం బూడిద. తడిపి పరిస్తే అచ్చం పాతబడ్డ సిమెంటే. ఈ ముడిసరుకంతా అక్కే తెస్తుంది, ఎందుకంటే 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. బూడిదను మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి, టేపు చుట్టి, భూపాలపల్లిలో బస్సెక్కి, పరకాల మీదుగా హనుమకొండలో దిగి, ఆటోలో కాజీపేట చేరి, అక్కడ రైలెక్కి జనగామలో దిగుతుంది. మూడు బండ్లు మారినా డబ్బా మూత తియ్యలేదు. ఇంటర్‌మోడల్ అంటే ఏంటని అడిగేవాళ్లకు నేను మెక్లీన్ కథ మానేసి అక్క ప్రయాణం చెబుతున్నాను. దారిలో బస్సు కండక్టరు డబ్బాలో ఏముందని అడిగాడట. "బూడిద" అంది అక్క. అతను మారుమాట్లాడకుండా ముందు సీటు ఖాళీ చేయించి, "ధైర్యంగ ఉండమ్మా" అన్నాడట.

రీచ్ స్టాకరు మాత్రం అట్టతో కుదరలేదు. నలభై టన్నుల బరువును ముందుకు చాచిన ఒక్క చేత్తో ఎత్తే యంత్రం అది. మా జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకుతో దేవుళ్లకు కవచాలు, వాహనాలు చేసే పనివాళ్లున్నారు. ఒకాయనకు ఫొటో చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ దేవుని వాహనం?" అన్నాడు. చేసి ఇచ్చింది మాత్రం అద్భుతం. అలవాటు పోక చక్రాల మీద తామరరేకులు చెక్కాడు. వాటిని నేను తీయించలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది గేటు బయట మూడో లారీ. దాని బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ 1:87లో అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆవగింజ పెడితే గుమ్మడికాయ అయింది, గసగసాలు పెడితే బత్తాయి అయింది. చివరికి బొంబాయి రవ్వలో ఒక్క పలుకును పసుపులో దొర్లించి, పట్టకారుతో పట్టి, ఆకుపచ్చ దారపు నూగుతో అంటిస్తే కుదిరింది. మా ఆవిడ వచ్చి భూతద్దంలో చూసి, "ఉప్మాకు రవ్వ నిండుకుందంటే పలకరు గానీ" అని వెళ్లిపోయింది. ఆ లారీకి దిష్టి తగలదు.

పట్టాల కింద కంకర అతికించడానికి ఫెవికాల్‌లో నీళ్లు కలిపి చుక్కలు చుక్కలుగా వేస్తారు. 2024 సెప్టెంబరు 1న వరదకు మానుకోట జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి, పట్టాలు బట్టలారేసే తీగలా గాల్లో వేలాడాయి. ఆ ఫొటో చూసినప్పటి నుంచీ గార్డు సారు నా యార్డులో ఫెవికాల్ ఎక్కువ వేయమంటున్నారు. ఆ కట్టను వానలోనే, రాత్రింబగళ్లు నిలబడి కొద్ది రోజుల్లో తిరిగి పోశారు. నేను మూరెడు కట్టకు దసరా సెలవులన్నీ తీసుకున్నాను.

చూడ్డానికి వచ్చే చుట్టాలతోనే చిక్కు. సోఫాలో కూర్చుంటారు, చాయ్ తాగుతారు, ఐదు నిమిషాలు చూస్తారు.

"ఎప్పుడు కదుల్తది?"

కదలదు. నిజమైన యార్డులో జరిగే ముఖ్యమైన కార్యక్రమం ఎదురుచూడటం. పెట్టె బండి కోసం చూస్తుంది, బండి లైను కోసం చూస్తుంది, లారీ గేటు పాసు కోసం చూస్తుంది, డ్రైవరు లారీ కింద స్టవ్వు వెలిగించి అన్నం ఉడకడం కోసం చూస్తాడు. గిరగిరా తిరిగే రైలు బొమ్మ అవుతుంది గానీ యార్డు కాదు. ఈ ముక్క అర్థమైంది బావ ఒక్కడికే. భూపాలపల్లిలో రైల్వే స్టేషను లేదు. రామగుండం నుంచి మణుగూరుకు తమ ఊరి మీదుగా లైను వస్తుందని ఏళ్లుగా వింటున్నవాడు. ఓ రాత్రి నా బల్ల పక్కన నిలబడి, "బామ్మర్దీ, ఆ మూలకు నాలుగు అంగుళాలు ఖాళీ ఉన్నది కద. భూపాలపల్లి అని బోర్డు పెట్టు. బండి రాకున్నా మంచిదే" అన్నాడు. మర్నాడే పెట్టాను. పసుపు పలక, నల్ల అక్షరాలు, మూడు భాషల్లో.

పాఠకులకు ఒక్క మనవి. ఈ స్కేలులో నాకు దొరికిన మనుషుల బొమ్మలన్నీ జర్మనీవి. అందరూ కోట్లు, టోపీలు వేసుకుని, ఎక్కడికో పనుంది అన్నట్టు నిటారుగా నిలబడి ఉంటారు. రెండు సెంటీమీటర్ల లోపు ఎత్తులో, లుంగీ ఎగగట్టి, మెడలో తువ్వాల వేసుకున్న డ్రైవర్లు ఎక్కడైనా దొరికితే దయచేసి తెలియజేయండి. కొరియరు ఖర్చు నాదే. నిలబడ్డవి వద్దు, కూర్చున్నవే కావాలి.