టమాటా సారు

సింగరేణిలోనో, పాల్వంచ కరెంటు ప్లాంటులోనో, సారపాక పేపరు మిల్లులోనో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఏదో ఒక దారి పడతాడు. ఒకటి భక్తి, భద్రాచలం పక్కనే కాబట్టి ఖర్చు తక్కువ. రెండోది టమాటా. మొదటి దారి పట్టినవాడితో ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేదు.

రెండో దారి పట్టినాయన కాలనీకొకడుంటాడు. మీరు గేటు తీసి “బాగున్నారా సారూ” అనేలోపే “ఆగండాగండి, అక్కడ తొక్కకండి” అని కేకేస్తాడు. కిందికి చూస్తే పెయింటు డబ్బాలో, పగిలిన బకెట్లో, పాత కూలర్ తొట్టిలో టమాటా మొక్కలు. అన్నీ పొట్టివే. తీగలా పెరిగే రకమంటే ఆయనకు గిట్టదు. “దానికో కర్ర, కర్రకో తాడు, ఎంతకీ తెమలని చాకిరీ. దీన్ని చూడండి” అంటూ, మనవణ్ణి చూపించినట్టు మొక్క తల నిమురుతాడు. “కొసన పూగుత్తి వెయ్యగానే ఎదుగుదల ఆపేస్తుంది. ఎక్కడ ఆపాలో దీనికి తెలుసండీ!” ఈ ముక్క చెప్పడానికి ఆయనకు ముప్పావుగంట పడుతుంది.

చదువు మాత్రం గట్టిదే. పీకేఎం-1 తమిళనాడులోని పెరియకుళంలో పుట్టిందనీ, పూసా ఎర్లీ డ్వార్ఫ్ ఢిల్లీదనీ, బెంగళూరు వాళ్ల అర్క రక్షక్ ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుందనీ గడగడా చెబుతాడు. పక్కింటాయన ఏదో వీడియో చూసి పక్కకొమ్మలు గిల్లుతుంటే సారు గోడ దూకినంత పని చేశాడు. “అది తీగరకానికయ్యా! దీనికి కాసేదే ఆ కొమ్మలకు!” అందులో తప్పేమీ లేదు. పొట్టిరకానికి పక్కకొమ్మలు గిల్లితే పంటను గిల్లేసుకున్నట్టే.

గింజలు కట్టడం ఇంకో ముచ్చట. పండిన కాయల గుజ్జు స్టీలు గిన్నెలో పిండి, రెండ్రోజులు పులియబెట్టి, కడిగి ఆరబెడతాడు. ఆ రెండ్రోజులూ ఇంట్లో ఉండలేం. ఎండిన గింజల్ని పాత శుభలేఖల కవర్లలో పోసి పంచుతాడు. రక్షక్ హైబ్రిడ్ కదా, దాని గింజకు తల్లి గుణాలు నిలవవని ఆయనకూ తెలుసు. అయినా చెయ్యి ఆగదు. నాకిచ్చిన కవర్లోంచి ఒకటి మోకాలెత్తు పెరిగింది, ఒకటి నడుము దాటింది, ఒకటి ఉసిరికాయంత కాయలు కాసింది. అడిగితే “మీ మట్టి అలాంటిది” అన్నాడు.

అసలు చిక్కు కాపు దిగాక వస్తుంది. పొట్టిరకం కాయలన్నీ రెండు మూడు వారాల్లో ఒక్కసారే పండుతాయి. సాసు ఫ్యాక్టరీకి అది వరమే. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లామూ. పైగా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 21కైనా దిగకపోతే పుప్పొడి సరిగా పనిచెయ్యదు, పూత రాలిపోతుంది. మా ఎండల్లో అందుకే చలికాలం కాపే గతి. 2023 జూలైలో కిలో 150 దాటినప్పుడు కాలనీ అంతా సారు వంక ఆశగా చూసింది. “నారు పోశాను” అన్నాడు గంభీరంగా. ఆ నారు కాపుకొచ్చేసరికి సంతలో టమాటాను అడిగే నాథుడు లేడు. సంచి పట్టుకుని ఆయన వీధిలోకి రాగానే తలుపులు దగ్గరికి పడ్డాయి. ఇంట్లో పప్పు, పచ్చడి, చారు అన్నీ అవే అయ్యాక ఆవిడ అంది: “ఏమండీ, ఈ పూటకి వంకాయలు తెండి. మీకు దణ్ణం పెడతాను.”

కోతుల సంగతి చెప్పకపోతే ఆయన ఊరుకోడు. రాములవారి ఊరి పక్కన ఉంటూ కోతి మీదికి ఉండేలు ఎత్తడానికి చెయ్యి రాదు. గుడ్డ పులిబొమ్మ కొనితెచ్చి గోడ మీద కూర్చోబెట్టాడు. కిన్నెరసాని అడవి పొంటి తిరిగే కోతులవి, గుడ్డ పులికి జడుస్తాయా! దాని వీపెక్కి కూర్చుని కాయకో కొరుకు కొరికి విసిరేశాయి. సారు ఆ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. “పూర్తిగా తినలేదంటే పులుపెక్కువైనట్టుంది” అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

వంకాయల కోసం సంతకు వెళ్లాడు. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక కోయ ఆమె నాటు టమాటాలు పోసుకుని కూర్చుంది. సారు అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

“ఏ రకమమ్మా?”

“టమాటా సారూ.”

“అదే, పొట్టిదా, తీగదా?”

“ఏమో సారూ. మిరపచేను గట్టు మీద దానంతట అదే మొలిసింది.”

“మందులేం కొట్టావు?”

“మందా? దానికెవరు కొడతరు?”

సారు ఒక పండు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గింజలకు ఆ ఒక్కటీ చాలన్నాడు. ఒక్కటెట్లా అమ్ముతానని ఆమె కిలో తూచేసింది. ఇంట్లో రెండు బకెట్ల నిండా పండ్లు పెట్టుకుని, కిలో టమాటా మోసుకుంటూ ఇంటిదారి పట్టాడు. సంచిలో ఏంటని గేటు దగ్గరే ఆవిడ అడిగితే, వంకాయలన్నాడు.